ఇనుప రాతికి దారి ఉన్నది, పిల్లల చదువుకో?

గత వారం ఇక్కడి ఆంధ్రభవన్ భోజనశాల ముందు వరుసలో నిలబడి ఉండగా, నా వెనుక ఒక తండ్రీ కూతురూ మాట్లాడుకొంటున్న తెలుగు చెవిని పడింది. మాట శ్రీకాకుళపు మాట. ఏ ఊరని అడిగితే ఆయన చెప్పినది మాత్రం కిరండూల్. తండ్రి 1960 దశకంలో రైలు మార్గం పనికి పోయి, ఆ పిమ్మట గనిలో కుదురుకొన్నాడు. తాను అక్కడే పుట్టి, ఆ గనిలోనే పని చేస్తున్నాడు. అమ్మాయిని మాత్రం పదవ తరగతి కాగానే విశాఖపట్నం పంపి ఇంటర్మీడియట్ చదివించాడు. అందరూ అదే మంచిదన్నారట.

ఫలితం ఏమైనది? ఆంధ్రప్రదేశ్ కళాశాలలలో ఆ పిల్ల ‘నాన్‌లోకల్’. జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి; కాని పన్నెండవ తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులైతే అదే సొంత రాష్ట్రమని నియమం. కనుక రాయ్‌పూర్ సంస్థలో ఆమె పరాయి రాష్ట్రపు అభ్యర్థిని అయినది. తాడేపల్లిగూడెం సంస్థలో సొంత బిడ్డే గాని, అక్కడి పోటీకి ఆమె ర్యాంకు చాలలేదు. “రాయ్‌పూరులో వచ్చే సీటే బాబూ. మేమెక్కడ లోకలో ఢిల్లీలోనైనా ఎవరైనా చెపుతారేమోనని వచ్చాం,” అన్నాడాయన. ఆ మాటలో ఆగ్రహం కంటె అలసట ఎక్కువ.

ఈ కుటుంబానికి అన్యాయం చేసిన అధికారి ఎవరూ లేరు. నియమాలన్నీ అచ్చులో ఉన్నవే. వాటిని సకాలంలో విప్పి చెప్పిన మనిషి లేకపోవడమే జరిగిన నష్టం. నేను ఈ లేఖ వ్రాయడానికి కారణం అదే.

కిరండూల్ ఎక్కడున్నదో ఉత్తరాంధ్ర పాఠకులకు చెప్పనక్కరలేదు. బస్తర్‌లో, నేటి ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లాలో, ఎద్దు మూపురాన్ని తలపించే బైలదిల్లా కొండల పాదాన ఉన్న గని పట్టణమది. అక్కడి ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికే కొత్తవలస నుండి సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గాన్ని కొండలు తొలిచి నిర్మించారు. 1968లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. తరువాతి కాలంలో ఖనిజపు పొడిని నీటితో కలిపి విశాఖకు పంపడానికి 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం కూడా వేశారు. రాతికి రైలు ఉన్నది, ధూళికి గొట్టం ఉన్నది. పట్టణంలోని పిల్లవాడు ఏ ఊరి కళాశాలకు, ఏ దరఖాస్తుతో, ఏ నెలలో పోవలెనో చెప్పే ఏర్పాటు మాత్రం తండ్రుల చేతికి అందలేదు.

అమెరికాలో ఉన్నత పాఠశాలలు తల్లిదండ్రులను సాయంకాలం వేళ బడికి పిలిచి, కళాశాల ప్రవేశాల సంగతీ, ఆర్థిక సహాయపు దరఖాస్తుల సంగతీ విడమరచి చెప్పడం చాలాకాలంగా ఉన్న ఆచారం. మన నగరాలలో ‘విద్యా ప్రదర్శన’ల పేర జరిగేది తరచుగా వేరు. అక్కడ బల్లల వెనుక కూర్చొనేది సీట్లు అమ్ముకొనవచ్చినవారు. రంగుల కరపత్రాలు దొరుకుతాయి. ఈ కళాశాలలో మీ వాడికి ఏ కోటా వర్తించదో ఎవరూ చెప్పరు. కిరండూల్‌కు కావలసినది సంత కాదు, నియమాలు తెలిసినవారు నిజం చెప్పే సాయంత్రం.

ఆ సాయంత్రం ఎప్పుడు జరగాలన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. పన్నెండవ తరగతిలో జరిపితే అప్పటికే ఆలస్యం. పాఠకులకు విదితమే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి తెలుగు నేలపై నూటికి 85 సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు సంవత్సరాలు వరుసగా అక్కడ చదివిన విద్యార్థి స్థానికుడు. అంటే తొమ్మిదవ తరగతి నుండే అక్కడ ఉండాలి. ఇంటర్ రెండేళ్ళకు మాత్రమే విశాఖ పంపిన తండ్రి ఇటు స్థానికత సంపాదించలేడు, అటు జాతీయ సంస్థలలో ఛత్తీస్‌గఢ్ కోటాను పోగొట్టుకొంటాడు. ఈ నిర్ణయం తీసుకోవలసినది ఎనిమిదవ తరగతిలో. కాబట్టి పిలవవలసినది ఎనిమిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులను.

మిగిలిన 15 శాతంలోనూ తెలుసుకోదగిన సంగతులున్నాయి. తల్లిదండ్రులలో ఒకరు మొత్తం పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉంటే ఆ సీట్లకు పోటీ పడవచ్చునని ఆంధ్రప్రదేశ్ నిబంధనలు చెపుతూ వచ్చాయి. సోంపేటలో పెరిగి ఉద్యోగానికి పోయినవాడి బిడ్డకు ఇది పనికివస్తుంది; కిరండూల్‌లోనే పుట్టినవాడి బిడ్డకు రాదు. కుల ధ్రువపత్రాల చిక్కు మరొకటి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక గిరిజన విద్యార్థి వైద్య కళాశాల సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళగా, సొంత రాష్ట్రపు షెడ్యూలు హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని 1990లో తీర్పు వచ్చింది. అయితే కేంద్ర విద్యాసంస్థలలో ఆ హోదా చెల్లుతుంది. విజయనగరం జిల్లాలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం రెండూ కేంద్రానివే. ఈ తేడా తెలియక దారి మూసుకుపోయిందని కూర్చొన్న కుటుంబాలు ఉండవచ్చును. నియమాలు మారుతుంటాయి గనుక ఏ యేటి ఉత్తర్వును ఆ యేడు చదివి చెప్పేవారు కావాలి.

ఇంతకంటె పెద్ద సంగతి ఇంకొకటున్నది. గని కాలనీ సభాభవనంలో ఉద్యోగుల పిల్లలకు మాత్రమే ఇటువంటి సభ జరిపితే అది సగం న్యాయమైనా కాదు. కొండ ఎవరిదో ఆ ఆదివాసీలు కాలనీ కంచెకు ఆవల ఉన్నారు. 2019 జూన్‌లో వేలాది మంది కిరండూల్‌కు నడిచివచ్చి, పదమూడవ నిక్షేపాన్ని తవ్వవద్దని ఖనిజ సంస్థ కార్యాలయం ముందు బైఠాయించిన సంగతి దేశం చూచింది. వారి పిల్లలకు ఏమీ చేయలేదని నేననను. గీదం వద్ద జావంగాలో విద్యానగరం వెలసింది. బస్తర్ గిరిజన బాలికలను హైదరాబాదులో నర్సింగు చదివించే పథకాన్ని ఖనిజ సంస్థ నడుపుతున్నది. ఇవి మెచ్చదగినవి. కాని పథకం ఎంపిక చేసిన కొందరికే అందుతుంది, సమాచారం అందరికీ అందవలసి ఉన్నది. కనుక ఆ సభ హిందీ, తెలుగుతోపాటు గోండీ, హల్బీ భాషలలోనూ జరగాలి. గనిలో పాళీల పని కాబట్టి ఒకే సభను రెండు పూటలు పెట్టాలి. ఊళ్ళనుండి వచ్చేవారికి బండి పంపాలి.

ఖర్చు మాటేమిటని ఎవరైనా అడిగితే జవాబు ఢిల్లీలోనే ఉన్నది. 2015లో పార్లమెంటు గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచింది. ఆ నిధిలో పెద్ద భాగం ఖర్చు పెట్టవలసిన అంశాలలో విద్య ఒకటి. ఏడాదికి రెండు సాయంత్రాలకు అయ్యే వ్యయం ఆ నిధిలో లెక్కకు రాదు. జిల్లా కలెక్టరు పిలిచి, ఖనిజ సంస్థ చోటిచ్చి, రాయ్‌పూర్ నుండి ఒకరు, విశాఖ నుండి ఒకరు ప్రవేశాల అధికారులు వస్తే చాలును. హైదరాబాదులో ప్రధాన కార్యాలయమున్న ఆ సంస్థకు తెలుగు తెలిసిన అధికారులు కరవు కాదు. ఉభయ తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు ఉక్కు శాఖ మంత్రిని ఈ కోరిక కోరవచ్చును. ఇది ఏ పార్టీకీ నష్టం కలిగించేది కాదు.

భోజనమయ్యాక ఆయన తన సంచిలోనుండి ఒక కాగితం తీశాడు. “చిన్నవాడు ఎనిమిదిలో ఉన్నాడు. వాడినేం చెయ్యమంటారు?” అని అడిగాడు. తెలిసినంతవరకు ఆ కాగితంపై రెండు దారులూ వ్రాసి ఇచ్చాను: విశాఖ అయితే ఈ యేడే, లేకుంటే పన్నెండు ముగిసేదాకా కిరండూల్‌లోనే. ఆయన దానిని రెండుసార్లు చదివించుకొని మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఆ తరగతి గదిలోనే ఉన్న మిగిలిన పిల్లల తండ్రులకు ఆ కాగితం ఎవరివ్వాలి?