సీడు పత్తి చేలు - బడి మానిన బాలికలు

సంపాదకులవారికి,



బడి మానిన బాలికలను తిరిగి బడికి చేర్చుటకై ఇల్లిల్లు తిరుగు యువతులను మనము వేదికలెక్కించి శాలువలు కప్పుచున్నాము, అది సంతోషింపదగినదే. కాని ఆ కార్యమును వారి త్యాగబుద్ధికే విడిచిపెట్టుట న్యాయము కాదనియు, విత్తనమునకై సీడు పత్తి పండించు ప్రతి గ్రామమునందును ఆ యూరి యువతినే జీతమిచ్చి నియమింపవలయుననియు మనవి చేయుటకే యీ లేఖ వ్రాయుచున్నాను.

నంద్యాల, ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ ప్రాంతములు సంకర పత్తి విత్తనమునకు చిరకాలముగా పేరుమోసినవి. ఆ సేద్యపు తీరు కన్నులార చూడనివారికి అచ్చటి బాలికలు బడి యేల మానుచున్నారో బోధపడదు. పత్తిపూవు చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గనుక, సంకరవిత్తనము కావలెనన్నచో, ఆడచెట్టున మరునాడు విచ్చనున్న ప్రతి మొగ్గను ముందునాడే బొటనవ్రేలి గోటితో గిల్లి, రేకులతో కూడ కేసరములను ఒలిచి, నడిమి కీలము చెడకుండ నిలిపి, మరునాటి యుదయమున మగచెట్టు పూవును తెచ్చి దానిపై మెల్లగా రాయవలయును. క్రాసింగు అని పిలువబడు ఈ పని రెండు మూడు నెలలపాటు ఒక్క పూటయైనను ఎడతెగక సాగవలసినదే. పిల్లల వ్రేళ్లకు మొగ్గ చితుకదని రైతులు చెప్పుదురు గాని, బాలికకు కూలి తక్కువయనియు, ఆమె ఎదురాడదనియు ఎవ్వరును నోరు విప్పి చెప్పరు. విత్తనము నాటకమునుపే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పడును. పురుగుమందు కొట్టిన చేలలో వంగి నడచి ఆ ఋణము తీర్చునది కూతురు. పాఠములు ముమ్మరముగా నడచు నెలలే క్రాసింగు నెలలగుటచే, చేను విడిచి వచ్చునప్పటికి ఆమెకు తరగతిలోని లెక్క ఒక్కటియు అర్థము కాదు. సిగ్గుపడి బడి గడప తొక్కదు.

దావులూరి వెంకటేశ్వర్లుగారి 2003 నాటి అధ్యయనము ఈ స్థితిని దేశాంతరములకు సైతము తెలియజేసినది. చట్టములును వచ్చినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా నొసగినది. బాలకార్మిక చట్టమునకు 2016 లో జరిగిన సవరణ పదునాలుగేండ్ల లోపు పిల్లలచే పని చేయించుటను నిషేధించుచునే, బడి వేళలు గడచిన పిమ్మట ఇంటివారి వృత్తిలో సాయపడుటకు అనుమతించినది. పదునాలుగు దాటినవారికి ప్రమాదకరములని ప్రత్యేకముగా పేర్కొన్న పనులు మాత్రమే నిషిద్ధములు. ఎనిమిదవ తరగతి ముగించిన బాలికను చట్టము ఇట్లు చేయి విడుచు తరుణముననే, చేను ఆమెను రమ్మని పిలుచుచున్నది. అప్పుడు ఆ యింటి వాకిట నిలువవలసినది మనిషి గాని కాగితము కాదు.

నేనెరిగిన యొక యువతి, బాల్యమున తానును మొగ్గలు గిల్లినదే, దీపాలవేళ అట్టి యిండ్లకు పోవును. ఉపన్యాసము చేయదు. "పెద్దమ్మా, పాప పుస్తకాలు యాడ పెట్టినావు?" అని మాత్ర మడుగును. అటక మీది సంచి దిగును. దుమ్ము దులిపి, బిడ్డచే ఒక పుట చదివించును. పిమ్మట రైతునొద్ద కూర్చుండి, అడ్వాన్సు ఎంత, తీరినదెంత అని కాగితముపై లెక్కవేసి, మిగిలినదానికి తల్లి పనికి వచ్చునట్లు ఒప్పించును. "కంపెనీ రేటుకు పెద్దోళ్ల కూలి గిట్టదమ్మా" అని ఆయన యనును. ఆ మాటలో సత్యము లేకపోలేదు, విత్తనము కొను కంపెనీలు దానికి బదులు చెప్పవలసియున్నది. ఇంత చేయు ఆమెకు దొరకునది ఏదో ప్రాజెక్టు కింద కొన్ని నెలల గౌరవవేతనము. నిధులు ఆగినచో ఆమె కూడ కూలికి పోవలసినదే.

ఊరి యువతులచే ఈ పని చేయించుట క్రొత్త యూహ కాదు. నెల్లూరున జన్మించిన శాంతా సిన్హాగారు, తాతగారైన మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర 1981 లో నెలకొల్పిన ఫౌండేషను ద్వారా, బడి బయటనున్న ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని చాటి, శిబిరములలో వెనుకటి చదువు పూరింపజేసి, వయస్సునకు తగిన తరగతిలో చేర్పించిరి. 2003 లో మెగసెసె పురస్కారమును అందుకొనిరి. ఆ యుద్యమమునకు బలము ఊరి యువతీయువకులే.

గ్రామ సచివాలయములలో విద్యా సహాయకులున్నారు గదా యని యనవచ్చును. పింఛనులకును సర్వేలకును చాలని వారి కాలము ఈ పనికి ఎట్లు చాలును? తల్లికి వందనము పథకము క్రింద తల్లికి దక్కు సొమ్ము బిడ్డ యొక్క 75 శాతము హాజరుపై ఆధారపడియున్నది. క్రాసింగు నెలలలో ఆ హాజరు జారిపోవుచుండగా కనిపెట్టువారెవరు?

ఇట్లు చదువు తప్పిన బిడ్డ ఎన్నటికిని కోలుకొనదను మాట నేను నమ్మను. పొరుగు కర్నూలు జిల్లాలో, బాల్యవివాహము తప్పించుకొని ఆస్పరి కస్తూరిబా విద్యాలయమున చేరిన బాలిక, 2024 లో ఇంటర్ మొదటి సంవత్సరమున 440 కి 421 మార్కులు తెచ్చుకొన్నది.

కావున వచ్చు క్రాసింగునకు ముందే విత్తన కంపెనీలు ఏ యే గ్రామములలో సాగు చేయించుచున్నవో ఆ జాబితాను కలెక్టరుగారు తెప్పించి, అచ్చటి యువతులను నియమించి, 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యతకై తమ లాభములో వెచ్చింపవలసిన 2 శాతమునుండి వారి జీతములు ఇప్పింపవలయునని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆళ్లగడ్డ