తెల్ల ఎలుకకు తగిన యిల్లు

పల్నాటి యిండ్లలో ఎలుకకు గౌరవము లేదు. గాదెలోని ధాన్యమును తినునది అది. పెట్టెలోని పట్టుబట్టను కొరుకునది అది. వేరుసెనగ బస్తాకు చిల్లి పెట్టునదియు అదియే. వినాయక చవితినాడు విఘ్నేశ్వరుని పాదములచెంత దానికి కూడ పసుపు కుంకుమలు లభించును గాని, మరునాటి రాత్రి వంటయింటి మూలన మరల బోను పెట్టబడును. ఆ బోనులో ఎండుచేప తునకయో, కాల్చిన కొబ్బరి ముక్కయో ఎర. ఇట్టి సీమలో, నరసరావుపేట వంటి పట్టణములందు, కొందరు బాలురు తెల్ల ఎలుకలను తెచ్చి ముద్దుగా పెంచుకొనుచున్నారు. చూచిన తాతలు నవ్వుచున్నారు. "ఉన్న ఎలుకలు చాలలేదా నాయనా, డబ్బు పెట్టి కొని తెచ్చావు?" అని అడుగుచున్నారు.

నేను తాతలతో వాదమునకు దిగను. ఎలుకను పెంచవలెనా, వలదా అను ప్రశ్నకు ఎవరి సమాధానము వారికుండును. నేను చెప్పదలచినది దాని తరువాతి మాట. తెచ్చిన ఎలుకను ఎక్కడ నుంచుదురు? బాలుడు ముందుగా ఎలుక రంగు చూచును, కన్నులు చూచును, దానికొక పేరు పెట్టును. పంజరము మాట చిట్టచివర, ఎలుక చేతిలోనికి వచ్చిన పిమ్మట, జ్ఞప్తికి వచ్చును. అప్పుడు ఇంట ఏది దొరికిన అదియే దానికి నివాసమగును. ఈ వరుస తలక్రిందులు కావలెనని నా అభిప్రాయము. ముందు పంజరము, తరువాత ఎలుక. పంజరము కుదరనిచో ఎలుకయే వలదు.

మన భాషలో బోను వేరు, పంజరము వేరు. బోను పట్టుటకు, పంజరము ఉంచుకొనుటకు. బోనులో చిక్కిన జీవి అందులో గడపునది ఒక్క రాత్రియే గనుక, చేసినవాడు దానిని ఆ కొలతకే చేసెను. పెంపుడు ఎలుక రెండు మూడు సంవత్సరములు బ్రతుకును. అన్ని దినముల కాపురమును ఒక్క రాత్రి కొలతలో ఇరికించుట ఏమి న్యాయము? అయినను అంగడిలో దొరకు తీగల బోనునే పంజరముగా వాడువారిని నేను చూచితిని.

ఒకప్పుడు నేనును అంతకంటె తెలివిగా ప్రవర్తింపలేదు. మా అటక మీద తాతగారి నాటి చిలుక పంజరము ఒకటి ఉండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుకను పట్టి పెంచుట నేరము గనుక, అది దుమ్ము పట్టి ఖాళీగా వ్రేలాడుచుండెను. నేను తొమ్మిదవ తరగతి చదువుచుండగా గుంటూరునుండి వచ్చిన బంధువొకరు నాకు రెండు తెల్ల ఎలుకలను బహుమానముగా నిచ్చిరి. వానిని ఆ పంజరమున నుంచితిని. చూచుటకు అది సొగసుగానే ఉండెను: గోపురము వంటి కప్పు, పైన ఇత్తడి కడియము. కాని పక్షి పైకెగురును, ఎలుక నేల మీద తిరుగును. ఆ పంజరమునకు ఎత్తు కలదు గాని నేల లేదు. గుండ్రనిది గనుక ఒదిగి కూర్చుండుటకు మూల లేదు. ఊచల నడుమ నా బొటనవ్రేలు సులభముగా దూరెడిది. రెండవ రాత్రియే ఒక ఎలుక బయటికి వచ్చి బియ్యపు బస్తా వెనుక చేరెను. ఆ రాత్రి వీధి పిల్లి మా యింటికి రాకపోవుట దాని అదృష్టము.

భయపడి నేను మరియొక అంచునకు పోతిని. రేకు పని చేయువానివద్దకు పోయి నాలుగు వైపుల మూసిన పెట్టె చేయించి, మూతకు మేకుతో రంధ్రములు పొడిపించితిని. ఇక అవి తప్పించుకొనలేవని సంతోషించితిని. వైశాఖమాసము, బడికి సెలవులు. పెట్టెను వసారాలో నుంచి, భోజనము చేసి నిద్రించితిని. ప్రొద్దు వాలి ఎండ వసారాలోనికి వచ్చినది. నన్ను లేపినది మా నాయనమ్మ కేక. ఆమె ఆ రేకు మీద చేయి వేసి చూచి, "ఒరేయ్ అబ్బాయ్, పెనం మీద పెట్టావు కదరా వాటిని!" అనెను. మూత తీసి చూడగా ఒకటి చనిపోయి యున్నది. రెండవది వానలు పడువరకు బ్రతికినది. ఆ దోషము రేకుది కాదు, ఎండది కాదు, నాదే.

కనుకనే మన ప్రాంతమున పంజరమును గూర్చి తలపెట్టువారు మొదట ఎండను గూర్చి ఆలోచింపవలెనందును. చల్లని దేశముల పుస్తకములలో ఈ విషయము ఎక్కడనో చివర నుండును; మనకది మొదటి పుట. వేసవిలో రెంటచింతల పేరు వార్తలలో వినబడని సంవత్సరము అరుదు. అచ్చట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట వింత కాదు. ఎలుకకో, 30 డిగ్రీలు దాటినది మొదలు కష్టము ఆరంభమగును. మనవలె దాని ఒంటికి చెమట పట్టదు. కుక్కవలె నాలుక చాచి రొప్పి చల్లబడనేరదు. దానికున్న సాధనములు రెండే. వెండ్రుకలు లేని తోక గుండ రక్తములోని వేడిని బయటికి పంపును; ఉమ్మిని ఒంటికి పూసికొనును. చుట్టునున్న గాలియే ఒంటికంటె వేడిగా నున్నప్పుడు తోక యేమి చేయగలదు?

ఇందుకు ఉపాయములు మన యింటనే యున్నవి. చేపలనుంచు గాజు తొట్టెను, రేకు పెట్టెను విడిచి, నాలుగు వైపుల గాలి యాడు తీగజాలి పంజరమును ఎన్నుకొనవలెను. దాని అడుగున ఒక వైపు మాచర్ల నాపరాయి పలక నొకదానిని పరచినచో ఎలుక దానిమీద పొట్ట ఆనించి పరుండును. చిన్న మట్టికుండ నొకదానిని ప్రక్కకు వాల్చి పెట్టినచో అదియే దాని పడకగది. పగలు చీకటి, వేసవిని చల్లదనము. మిద్దె మీది గదిలోగాని, పడమటి కిటికీ ప్రక్కనగాని పంజరము నుంచరాదు. మిట్టమధ్యాహ్నము తడిపిన గోనెపట్టాను ఒక వైపు మాత్రమే వ్రేలాడదీయవచ్చును. నాలుగు వైపుల కప్పినచో గాలి నిలిచిపోవును. తెల్ల ఎలుక కన్నులు ఎఱ్ఱగా నుండుట మీరు చూచియుందురు. ఆ కంటిలో రంగు పదార్థము లేకపోవుటచేత తీవ్రమైన వెలుతురు దాని చూపును చెరచును. అందుచేత కూడ నీడ అవసరము.

ఇక కొలతలు. ఎదిగిన ఎలుక శరీరము సుమారు తొమ్మిది అంగుళములు. తోక ఇంచుమించు అంతే. అది వెనుక కాళ్ళ మీద నిలిచి చుట్టు పరికించును, తీగలు పట్టి ఎగబ్రాకును, పరుగులెత్తును. రెండు ఎలుకలకు మూడు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండు అడుగుల ఎత్తు, నడుమ ఒక అటక ఉండవలెనని నేను చెప్పుదును. ఎలుకకింత యిల్లా యని నవ్వువారు మన దేశపు చట్టము నొకసారి చూడవలెను. కళాక్షేత్రమును స్థాపించిన నర్తకి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో సభ్యురాలుగా నున్నప్పుడు జంతువుల పక్షమున ఒక బిల్లును ప్రవేశపెట్టెను. ఆ ప్రయత్నము తుదకు 1960లో జంతుహింసా నివారణ చట్టముగా ఫలించెను. కదలి మెదలుటకు తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరములో ఏ జంతువునైనను బంధించుట ఆ చట్టమందలి 11వ విభాగము ప్రకారము నేరము. అందు జంతువనగా మనుష్యుడు కాని ప్రతి ప్రాణియు. ఎలుకకు మినహాయింపు లేదు.

తీగల నడుమ సందు అర అంగుళమునకు మించరాదు. తల దూరిన చోట ఎలుక ఒళ్ళంతయు దూర్చును. కొయ్య పంజరము చవుకగా రావచ్చును గాని, ఎలుక ముందుపళ్ళు జీవితాంతము పెరుగుచునే యుండును. వానిని అరుగదీసికొనుటకు అది కొయ్యను కొరుకక మానదు. పైగా కొయ్య మూత్రమును పీల్చును. ఎంత కడిగినను కంపు పోదు. తుప్పు పట్టని పూతగల ఇనుప జాలిని కొని, వెల్డింగు పనివానిచేత చట్రము కట్టించుట మేలు. తలుపు రెండు చేతులు పట్టునంత పెద్దదిగా నుండవలెను. చేయి పట్టని పంజరమును ఎవ్వరును శుభ్రము చేయరు. ఇది నా అనుభవము. గడియ మాత్రము గట్టిది కావలెను, మూతితో ఎత్తి చూచుట ఎలుకకు వాడుక.

పంజరపు అడుగు విషయమున పలువురు పొరబడుదురు. ఊచలే అడుగైనచో పెంటికలు క్రిందికి రాలి శుభ్రముగా నుండునని వారి తలంపు. ఇది ప్రయోగశాలలనుండి వచ్చిన పద్ధతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థను మీరు వినియుందురు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చినదది. కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు మన దేశపు వివిధ ప్రాంతముల ఆహారములను తెల్ల ఎలుకలకు పెట్టి, వాని పెరుగుదలను పోల్చి చూచెను. సిక్కుల రొట్టెలు, పాలు, కూరలు తిన్నవి బాగుగా పెరిగినవి. మన మదరాసు రాజధాని వరియన్నము తిన్నవి వెనుకబడినవి. పల్నాడు అప్పుడు మదరాసు రాజధానిలోనిదే సుమా! అట్టి ఆహార పరిశోధనలలో ఎలుక తన పెంటికలను తానే తినినచో లెక్క తప్పును గనుక, తీగల అడుగుగల పంజరములు వాడుకలోనికి వచ్చినవి. అది పరిశోధకునికి కావలసిన సౌకర్యము. ఎలుక పాదములకు మాత్రము తీగల మీది నడక పుండ్లు తెచ్చును. ఇంట ప్రయోగము లేదు. గట్టి అడుగు వేసి, దానిమీద చిత్తు కాగితపు పీలికలుగాని, దుమ్ము దులిపిన గడ్డిగాని పరచి, తరచుగ మార్చవలెను. మార్చనిచో మూత్రమునుండి పుట్టు అమ్మోనియా ఊపిరితిత్తులను పాడుచేయును.

ఊపిరితిత్తుల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. ఎలుకకు అన్నిటికంటె బలహీనమైన అవయవ మదియే. మన యిండ్లలో మిరపకాయల బస్తాలుంచిన గదులు కలవు. పిడుగురాళ్ళ ప్రక్క సున్నపు దుమ్ము కలదు. మనకే తుమ్ములు తెప్పించు ఆ గదులలో పంజరము నుంచుట క్రౌర్యము. పత్తి మన పంటయే యైనను దానిని పరుపుగా వేయరాదు. దాని పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకొని బిగియును.

ఒంటరి ఎలుకకు ఎంత పెద్ద పంజరమైనను చెరసాలయే. కనుక ఒకే జాతి లింగము గల రెండింటిని ఉంచవలెను. లేనిచో మూడు వారములకే పంజరము నిండిపోవును! 2011లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమువారు ఒక ఎలుకను ఇరుకైన గొట్టములో బంధించి, దాని తోడి ఎలుకను బయట విడిచి చూచిరి. బయటిది కొన్ని దినములలో తలుపు తెరచుట నేర్చి తోడుదానిని విడిపించినది. ప్రక్కనే చాకొలెట్ ఉంచినను విడిపించుట మానలేదు. పెక్కుసార్లు తోడుదానికి కొంత మిగిల్చినది కూడను. అంతకు ముందే, 1947లో, కెనడా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్ కొన్ని ఎలుకలను తన యింటికి తెచ్చి పెంపుడు జంతువులుగా తిరుగనిచ్చెను. చిక్కు దారుల పరీక్షలో అవి ప్రయోగశాల పంజరములలో పెరిగినవానికంటె బాగుగా నెగ్గినవి. నివాసము ఇరుకైనచో బుద్ధియు ఇరుకగునన్న మాట.

అట్లని హెబ్ వలె ఇల్లంతయు విడిచిపెట్టుడని నేను చెప్పను. మన యిండ్లలో పిల్లి వచ్చును, పాము వచ్చును, పొలపు ఎలుక వచ్చి రోగము లంటించును. సాయంకాలము తలుపులు మూసి, ఒక గంట సేపు మీ ఎదుట తిరుగనిచ్చిన చాలును. పొలములో పట్టిన ఎలుకనుగాని పందికొక్కునుగాని పంజరమున నుంచు సాహసము మాత్రము వలదు. తెల్ల ఎలుక ఎన్నో తరములుగా మనుష్యుని చేతిలో పెరిగినది. పొలపు ఎలుక అట్టిది కాదు. దాని మూత్రమున ప్రాణాంతకమైన జ్వరమునకు కారణమగు క్రిము లుండవచ్చును.

ఇంతయు విన్న మిత్రు డొకడు, "మనుష్యులకే గాలి వెలుతురు గల యిండ్లు లేవే, ఎలుకకు నాపరాతి నేలయా?" అనెను. ఆ మాటలో సత్యము కలదు. దానిని నేను తేలికగా త్రోసివేయను. కాని నాపరాయి పలక, పాత కుండ, గోనెపట్టా పేదవాని యింటను దొరకునవే. జాలికి మాత్రమే డబ్బు. అదియు లేనివాడు ఎలుకను తేకున్న ఎవ్వరికిని నష్టము లేదు. తెచ్చి తలుపు మూసినవాడే దానికి ఋణపడినవాడు; లోపలనున్నది తన నీడను తాను వెదకుకొనలేదు.

మా వీధిలో ఎనిమిదవ తరగతి చదువు బాలు డొకడు గత మాసమున నా వద్దకు వచ్చి, "మామయ్యగారూ, తెల్లవి తెచ్చుకోనా, మచ్చలవి తెచ్చుకోనా?" అని అడిగెను. నేను వానికి ఒక ఉష్ణమాపకము నిచ్చి, పంజరము పెట్టదలచిన మూలలో ఏడు దినములు మధ్యాహ్నము రెండు గంటలకు ఎంత వేడి యుండునో వ్రాసికొని రమ్మంటిని. మొదటి మూల పనికిరాదని వాడే గ్రహించి, రెండవ దినమున దానిని విడిచి, తూర్పు గదిలో మంచము ప్రక్కన మరల మొదలుపెట్టినాడు. నాలుగు దినముల లెక్క తెచ్చినాడు. ఇంకను మూడు దినములది రావలసి యున్నది.