పట్టభద్రుల శిక్షణ - పల్లె వ్యాపారం

చదువు జీవితానికి అక్కరకు రావాలన్న మాటను కాదనేవారు లేరు. అయితే ఆ అక్కర ఎక్కడ, ఎవరికి, ఏ విధంగా తీరాలన్న విషయంలోనే ఆలోచనలు వేరువేరుగా ఉన్నాయి. వైద్యవిద్యార్థి హౌస్‌సర్జన్‌గా ఆసుపత్రిలో పనిచేయనిదే వైద్యుడు కాలేడు. ఉపాధ్యాయ శిక్షణ పొందేవాడు బడిలో పాఠం చెప్పి చూపనిదే పట్టా పొందలేడు. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. చదివినవారికి మాత్రం ఎంతోకాలం ఇటువంటి అవకాశం లేకపోయింది. వారి చదువు తరగతి గదిలో ముగిసేది. పని మరెక్కడో మొదలయ్యేది. ఈ రెండింటి నడుమ ఉన్న అగాధానికి వంతెనగా వచ్చినదే ఇంటర్న్‌షిప్‌ అనే కార్యక్షేత్ర శిక్షణ.

ఈ శిక్షణ వల్ల విద్యార్థికి కలిగే మేలును గురించి అందరూ చెబుతారు. శిక్షణ ఇచ్చే సంస్థకు కలిగే మేలును గురించి చెప్పేవారు తక్కువ. కంప్యూటరు, అంతర్జాలం ఆధారంగా మండల కేంద్రాలలో నడిచే చిన్న వ్యాపారాలకు ఈ శిక్షణ వల్ల కలగగల ప్రయోజనం విద్యార్థికి కలిగే ప్రయోజనం కంటె ఏమాత్రం తక్కువ కాదు. శిక్షణకోసం విద్యార్థిని నగరానికి పంపడమే కాదు, శిక్షణను పల్లెకు రప్పించడం కూడా నేటి అవసరం.

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా డెల్టాలోని వరిపొలాలు, సముద్రతీరం మనసులో మెదలుతాయి. జిల్లాకు పడమట, వెలికొండల వైపున ఉన్న మర్రిపాడు, ఉదయగిరి ప్రాంతాల రూపం వేరు. ఇక్కడ వానను నమ్ముకున్న మెట్ట సేద్యమే ఎక్కువ. డి.సి.పల్లి పొగాకు వేలం కేంద్రం ఉన్నది మర్రిపాడు మండలంలోనే. వాన మొగం చాటేసిన ఏడు పనికోసం ఊరు విడిచిపోవడం ఈ నేలకు కొత్త కాదు. డిగ్రీ చదివిన యువతీయువకులు సైతం నెల్లూరు, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు దారి పడుతున్నారు. కష్టపడి చదివించిన ఊరికి ఆ చదువు దక్కకుండా పోతున్నది.

ఇటువంటి ప్రాంతంలో డిజిటల్‌ వ్యాపారమంటే అద్దాల మేడ కాదు. ఒక చిన్న గది, ఒకటి రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్‌ యంత్రం - ఇదే దాని ఆస్తి. యజమానే గుమాస్తా, యజమానే సాంకేతిక నిపుణుడు, యజమానే లెక్కలు చూసుకొనేవాడు. పొద్దున తలుపు తీసినది మొదలు దరఖాస్తులు నింపడం, రుసుములు కట్టడం, నకళ్ళు తీయడంతోనే రోజు గడిచిపోతుంది. కొత్త పనిని గురించి ఆలోచించే తీరిక అతనికి దొరకదు.

అయితే తీరిక లేదని ఊరుకొంటే కాలం ఆగదు. ఒకప్పుడు ప్రతి కూడలిలోనూ ఎస్‌టీడీ బూత్‌ ఉండేది. ఎందరో యువకులకు అది బ్రతుకుతెరువైంది. సెల్‌ఫోన్‌ చేతికి రాగానే ఆ బూత్‌లు మాయమైనవి. 2011లో మీసేవ ప్రారంభమై, ధ్రువపత్రాల జారీని ఆధారం చేసుకొని కొత్త తరం కేంద్రాలు వెలిశాయి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలై, ఆ సేవలలో అనేకం ఊరిలోనే లభించసాగాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌ ద్వారానే సేవలందించడం ప్రారంభించింది. ప్రజలకు ఇది గొప్ప సౌకర్యం. కాని కేవలం దరఖాస్తులు నింపడంపైనే ఆధారపడిన చిన్న కేంద్రానికి ఇది ఒక హెచ్చరిక. ఎస్‌టీడీ బూత్‌కు పట్టిన గతి తనకు పట్టకూడదంటే అది కొత్త సేవలను వెదుక్కోవలసిందే. ఆ వెదుకులాటలో దానికి తోడు కాగలవాడే శిక్షణకు వచ్చిన పట్టభద్రుడు.

ఉదయగిరి చెక్క చెంచాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. గరిటెలు, చెంచాలు, ముళ్ళ చెంచాలు మొదలైన ఈ వస్తువులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. చేతిలో ఇంత పనితనమున్నా, వస్తువును దూరదేశపు కొనుగోలుదారుకు చూపించి అమ్మడం వేరొక విద్య. వస్తువును చక్కగా ఫోటో తీయాలి. కొలతలు, చెక్క రకం, వెల స్పష్టంగా వ్రాయాలి. దారిలో విరగకుండా కట్టి పంపాలి. కొన్నవారి ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పాలి. వచ్చిన సొమ్మును, తిరిగివచ్చిన సరుకును లెక్కలో చూపాలి. మండల కేంద్రంలోని ఒక చిన్న కంప్యూటరు కేంద్రం ఈ పనిని తలకెత్తుకొంటే కళాకారునికీ లాభం, కేంద్రానికీ కొత్త ఆదాయం.

ఈ పనికి ఇంజనీరే కావాలన్న నియమం లేదు. కంప్యూటరు శాస్త్రం చదివినవారు వెబ్‌సైటును, సమాచార భద్రతను చూసుకొంటారు. వాణిజ్యశాస్త్రం చదివినవారు జీఎస్‌టీ లెక్కలను, యూపీఐ ద్వారా వచ్చిన చెల్లింపులను సరిచూస్తారు. తెలుగు చదివినవారు వస్తువును గురించి నాలుగు వాక్యాలు తప్పులు లేకుండా, చదువరి మనసుకు హత్తుకొనేటట్లు వ్రాస్తారు. భాష చదివినవారికి పని లేదన్న అపోహకు ఇదే సమాధానం.

చిన్న వ్యాపారికి కలిగే లాభాలు ఇంకా ఉన్నాయి. క్రొత్తగా వచ్చినవారు ‘ఈ పని ఇలాగే ఎందుకు చేస్తున్నారు?’ అని అడుగుతారు. ఏళ్ళ తరబడి ఒకే విధంగా పనిచేసినవారికి ఆ ప్రశ్న తట్టదు. ఆ ఒక్క ప్రశ్నతోనే వృథా అవుతున్న సమయమో, ధనమో బయటపడవచ్చు. అంతేకాక, ఉద్యోగిని నియమించుకొనడం చిన్న సంస్థకు పెద్ద సాహసం. ఒక్క ముఖాముఖితో మనిషి గుణం, పనితనం తెలియవు. రెండు మూడు నెలలు కలిసి పనిచేసినవారిని గురించి ఆ సందేహం ఉండదు.

చదువును పనితో ముడివేయడం ప్రపంచానికి కొత్త కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ప్రారంభమైననాటి నుండి చదువు కొంతకాలం, పని కొంతకాలం అన్న పద్ధతిని పాటిస్తున్నది. భారతదేశంలో పిలానీలోని బిట్స్‌ సంస్థ 1973లో ‘ప్రాక్టీస్‌ స్కూల్‌’ పేరిట విద్యార్థులను పరిశ్రమలకు పంపడం ఆరంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో ప్రవేశపెట్టిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. సమాజసేవా ప్రాజెక్టు, స్వల్పకాలిక శిక్షణ, ఒక సెమిస్టరు పాటు సాగే దీర్ఘకాలిక శిక్షణ అందులోని అంగాలు. మారుమూల కళాశాల విద్యార్థికి సైతం కార్యక్షేత్రం వైపు ద్వారం తెరచిన మార్పు అది.

అయితే ఆర్థిక సహాయం విషయంలో చిన్న వ్యాపారం ఇంకా గడప అవతలే ఉన్నది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 2014లో సవరించి, ఇంజనీరింగేతర పట్టభద్రులకూ వర్తింపజేశారు. 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి; నలుగురి నుండి 29 మంది వరకు ఉన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురైనా లేని దుకాణానికి అందులో చోటు లేదు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్‌ పథకం, అప్పట్లో నెలకు 5,000 రూపాయల భృతితో, దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీలలో శిక్షణ కల్పించడానికి ఉద్దేశించినది. ఆ ఆశయం మంచిదే. కాని యజమాని, ఒక సహాయకుడు మాత్రమే ఉన్న మర్రిపాడు వంటి చోటి కేంద్రం ఈ రెండింటిలో దేనికీ చెందదు. సహాయం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకపోవడం న్యాయం కాదు.

దీనికి ఎదురుగా కొన్ని అభ్యంతరాలు వినిపిస్తాయి. పని నేర్పడానికే యజమాని సమయమంతా పోతుందని కొందరంటారు. మొదటి వారాలలో అది నిజమే. కాని విత్తనం చల్లిననాడే పంట చేతికి రాదు కదా! నేర్చుకొన్నవాడు రేపు ఎదురుగానే పోటీ దుకాణం పెడతాడన్నది మరొక భయం. మండలంలో చేయవలసిన పని చాలా ఉన్నప్పుడు, మరొక కేంద్రం వెలిస్తే ప్రజలకు మేలే జరుగుతుంది. ఆధార్‌, భూమి పత్రాల వంటి రహస్య వివరాలు శిక్షణార్థి చేతిలో పడతాయన్న ఆందోళన మాత్రం సమంజసమైనది. వ్యక్తిగత సమాచార పరిరక్షణకై 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. కాబట్టి శిక్షణలో మొదటి పాఠం గోప్యతే కావాలి.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. శిక్షణ పేరుతో విద్యార్థి చేత టీ తెప్పించడం, రోజంతా నకళ్ళు తీయించడం, జీతం లేని కూలీగా వాడుకొనడం జరగవచ్చు. అసలు పనికే పోకుండా డబ్బిచ్చి ధ్రువపత్రం తెచ్చుకొనే విద్యార్థీ ఉండవచ్చు. మొదటిది దోపిడి, రెండవది ఆత్మవంచన. రెండింటిలోనూ శిక్షణ ఉండదు, వ్యాపారానికి మేలూ ఉండదు.

అందువల్ల కొన్ని కట్టుబాట్లు అవసరం. చేయవలసిన పని ఏమిటో ముందే కాగితంపై వ్రాసుకోవాలి. విద్యార్థి దినచర్య పుస్తకం వ్రాయాలి. అధ్యాపకుడు అప్పుడప్పుడు స్వయంగా వచ్చి పరిశీలించాలి. కనీసం దారి ఖర్చులకు, భోజనానికి సరిపడే భృతి ఇవ్వాలి. ఒక్క దుకాణం ఆ భారం మోయలేకపోతే, ఒకే మండలంలోని నాలుగైదు కేంద్రాలు కలిసి ఒక పట్టభద్రుణ్ణి తీసుకొనవచ్చు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల కళాశాలలు ఇందుకు మధ్యవర్తులుగా నిలవాలి. పెద్ద సంస్థలకు వర్తించే సహాయాన్ని నలుగురి కంటె తక్కువమంది ఉన్న సంస్థల సమూహాలకు కూడా ప్రభుత్వం వర్తింపజేయాలి.

ఉదయగిరి చెక్క పనివారు చెంచా చెక్కడాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పెద్దల పక్కన కూర్చొని, ఉలి పట్టి, కొన్ని చెక్కలు పాడుచేసి నేర్చుకొన్నారు. శిక్షణ అంటే అదే. నేర్పినవారికి ఒక తోడు దొరికింది, నేర్చినవారికి ఒక జీవిక దొరికింది, ఊరికి ఒక పేరు దక్కింది. కంప్యూటరు ముందు కూర్చొనే నేటి పట్టభద్రునికీ, అతనికి పని నేర్పే చిన్న వ్యాపారికీ ఆ సూత్రమే వర్తిస్తుంది. చదువుకొన్న చేయి, అనుభవమున్న చేయి కలిసిననాడు మర్రిపాడు వంటి ఊళ్ళు తమ పిల్లలను సాగనంపే ఊళ్ళుగానే మిగిలిపోక, వారికి పని చూపే ఊళ్ళుగా కూడా నిలుస్తాయి.