సెలవులకూ సిలబస్సేనా?

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే చాలు, ఏలూరు పవర్‌పేట మొదలుకొని తాడేపల్లిగూడెం దాకా ఒక్క కరెంటు స్తంభం ఖాళీగా మిగలదు. ‘మీ పిల్లల వేసవిని వృథా కానివ్వకండి’ అని ఫ్లెక్సీ, దాని కింద అబాకస్, వేదిక్ మ్యాథ్స్, చేతిరాత, స్పోకెన్ ఇంగ్లీషు, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. అంతటితో ఆగితే వ్యాపారమని సరిపెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇప్పుడు అదే పాట. సెలవులకో లక్ష్యం ఉండాలట, రోజుకో పట్టిక వేసి ఫ్రిజ్‌కి అంటించాలట, సరదాకి కూడా సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఒక గడి కేటాయించాలట. ఏడాదంతా గంట కొట్టి కూర్చోబెట్టింది చాలక, మిగిలిన ఏడు వారాల మీద కూడా కన్ను పడింది.

అసలు ఈ ఏడు వారాలు ఎందుకిచ్చారు? ఎండకి. పిల్లలకి పొద్దుపోవడానికి కాదు. మన రాష్ట్రంలో మార్చి మధ్య నుంచే ఒంటిపూట బడులు. ఏప్రిల్ 24 నుంచి మూసేసి జూన్ 12న తెరవడం మామూలు. 2015 మే వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండకు జడిసి సర్కారు మూసిన బడిని, మే నెలలో రేకుల షెడ్డు కిందో మూడో అంతస్తు డాబా గదిలోనో మళ్లీ తెరిచి, పన్నెండింటికి పదిమందిని ఒక ఆటోలో కుక్కి ఇంటికి పంపడాన్ని ప్రణాళిక అంటున్నారు. ఆ ఆటో కడ్డీకి వేలాడే సంచుల్లో, సీసా అడుగున గుక్కెడు నీళ్లు మిగిలి ఉంటాయి. అవీ కాగిపోయి ఉంటాయి. ఇంటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. సెలవుల్లో తరగతులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది, కాలేజీలు ఏటా వింటాయి, అంతే. 2025లో బోర్డే విద్యా సంవత్సరాన్ని ఏప్రిల్ 1న మొదలుపెట్టి, ఏప్రిల్ 23 దాకా తరగతులు నడిపించింది. మొదటి ఏడాది పరీక్ష రాసిన వేలికి సిరా ఆరకముందే రెండో ఏడాది పాఠం! పెద్దల తీరే ఇలా ఉంటే కోచింగు వాడిని ఏమని తిడతాం?

నా అసలు తగువు మాత్రం వేరే. ఈ లక్ష్యాల జాబితాలు ఎక్కడో తయారై వస్తాయి కాబట్టి వాటిలో ఈ ఊరు ఉండదు. ఏలూరు కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసే ఊరు. దిగువన కొల్లేరు; బుడమేరు, తమ్మిలేరు అందులోకే దిగుతాయి, ఉప్పుటేరు ఆ నీళ్లని సముద్రానికి మోస్తుంది. కైకలూరు, ఆకివీడు వైపు వెళితే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఇన్ని నీళ్ల మధ్య పెరిగే పిల్లలకి వేసవిలో మొట్టమొదట నేర్పవలసింది ఈత. ఫ్లెక్సీలో అది వెతికినా కనపడదు. కనపడినా నీలం టైల్సు పరిచిన కొలనూ, దాని ఫీజూ కనపడతాయి. ఇక్కడి నీళ్ల తీరు అలా ఉండదు. చెరువు లోపలి అంచునే తవ్విన మట్టితో గట్టు పోస్తారు, అందుచేత చాలాచోట్ల గట్టు దిగిన మరుక్షణం లోతు. అదీ నల్లమట్టి. తడిసిందంటే కాలు ఆనదు, పైకెక్కుదామని పట్టుకుంటే ముద్దగా చేతిలోకి ఊడొస్తుంది. కాలువలదింకో తంతు. మామూలుగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్ మొదట్లో వదులుతారు. మే నెలంతా మోకాలి లోతు మడుగులో ఆడుకున్న పిల్లవాడు, నీళ్లు వదిలాక కూడా అది పాత మడుగే అనుకుంటాడు. ‘ఈతకు దిగి’ అని మొదలయ్యే వార్త లేకుండా ఇక్కడి జిల్లా పేపరుకి వేసవి గడవదు. నాలుగంకెల కూడిక నోటితో చేసే పిల్లవాడికి గట్టు జారితే ఏం చెయ్యాలో తెలియదు. వేసవి వృథా కావడమంటే అది.

అన్నట్టు, మే నెలలో ‘కొల్లేరు పక్షుల విహారం’ అని పిల్లల్ని ఆటపాకకి తోలుకెళ్లే ప్రణాళికాకర్తలూ ఉన్నారు. గూడబాతుల సందడంతా చలికాలంలో. మే వచ్చేసరికి సరస్సు చాలా మేర ఎండి బీటలు తీస్తుంది. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఇంతా జరిగాక ఈ నేల ఇలా ఎందుకుందో పిల్లలకి చెప్పొచ్చు. చెప్పరు, బీటల మీద రీల్ బాగా రాదు కదా.

ఈ క్యాంపులెందుకని అడిగితే అందరి దగ్గరా సిద్ధంగా ఉన్న జవాబొకటే: క్యాంపుకి పంపకపోతే ఫోను పట్టుకు కూర్చుంటారు. క్యాంపు నుంచి పన్నెండింటికి వచ్చి పట్టుకునేదీ ఆ ఫోనే కదా? రోజుకి మూడు గంటల అబాకస్ మిగతా రోజుని ఏ విధంగా కాపాడుతుందో ఎవరూ చెప్పరు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్ల మాటేమిటంటారు. అది నిజమైన ఇబ్బందే. వాళ్లకి కావలసింది చల్లటి గది, తాగడానికి నీళ్లు, కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. ఆ మాటే చెప్పి ఆ డబ్బే తీసుకుంటే పేచీ లేదు. దానికి ‘మెదడు వికాసం’ అని పేరెందుకు? పోనీ అమ్మమ్మగారి ఊరు, తాటిముంజలు, మామిడితోట అని నిట్టూర్చేవాళ్ల పక్షాన చేరదామా అంటే, అదీ నావల్ల కాదు. ఆ రోజుల్లో అన్నయ్య తోటల వెంట తిరుగుతుంటే చెల్లెలు ఆవకాయ జాడీలు తుడుస్తూ, ఒడియాల మీద కాకుల్ని తోలుతూ డాబా మీద ఉండేది.

ఇక కొల్లేటి లంకల్లో, చెరువుల మీద కాపలా ఉండే కుటుంబాల్లో పిల్లలని ఏ ఫ్లెక్సీ పిలవదు. బడి మూస్తే మధ్యాహ్న భోజనమూ మూసేస్తారు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చుట్టూ నీళ్లున్న చోటుని కరువు ప్రాంతమని ఎవరంటారు? వేసవికి ప్రణాళిక వేసే ఉత్సాహం అంతగా ఉంటే ముందు ఆ పూట అన్నం గురించి వేయండి. గ్రంథాలయాలు వేసవి విజ్ఞాన శిబిరాలు ఎలాగూ పెడుతున్నాయి, వాటిని లంకల దాకా తీసుకెళ్లండి. ఈత నేర్పడానికి కొల్లేటి మత్స్యకారుల కంటే గురువులెవరు? లోతు తెలిసిన చెరువొకటి చూసి, తాళ్లు కట్టి, తెల్లవారుజామున రెండు గంటలు, కూలి ఇచ్చి వాళ్లచేత నేర్పించవచ్చు. ఆడపిల్లలకి నేర్పేది ఆడవాళ్లే కావాలంటే లంకల్లోనే అడిగి చూడండి. తాడు ఎవరు కొనాలి, కూలి ఏ పద్దులో రాయాలి అన్నది పంచాయతీలు తేల్చుకోవాలి. ఆ లెక్క కాలువలు కట్టేసే నాటికి తేలాలి, వదిలాక కాదు.