వాళ్లిద్దరి మధ్య సంగతట!

2008 డిసెంబర్ 10న వరంగల్‌లో, కాలేజీ నుంచి ఇంటికి వెళ్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద ముగ్గురు యువకులు యాసిడ్ పోశారు. ఎక్కువగా కాలిపోయిన అమ్మాయి ఆ నెలాఖరున చనిపోయింది. ఆమె ఇంకా ఆస్పత్రి మంచం మీద ఉండగానే, డిసెంబర్ 13న, నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం వెంట తీసుకెళ్తే తిరగబడ్డారన్నది పోలీసుల కథనం. ఎన్నిసార్లు విన్న కథనమిది! ఊరు పండగ చేసుకుంది. విద్యార్థులు పోలీసులకు పూలదండలు వేశారు, మిఠాయిలు పంచారు.

ఆ దండలు వేసిన చేతుల గురించి మాట్లాడాలి.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ పత్రికలు ఒకటే పాట పాడతాయి: జనంలో మానవత్వం చచ్చిపోయింది, నడిబజారులో ఆడపిల్లను ఏం చేసినా ఎవరూ పలకరు అని. మేం ఈ మాట ఒప్పుకోం. 2019 ఫిబ్రవరి 27న హన్మకొండ రాంనగర్‌లో ఒక డిగ్రీ విద్యార్థిని మీద పెట్రోలు పోసి నిప్పంటించినప్పుడు పరుగెత్తుకొచ్చి మంటలు ఆర్పింది చుట్టుపక్కల జనమే. ఎంజీఎంకు చేర్చిందీ వాళ్లే. ఆ అమ్మాయి మార్చి 4న చనిపోయింది. చచ్చిపోయిన మానవత్వం అలా పరుగెత్తుకు రాదు. మరి మంటల దగ్గరికి వచ్చే ఈ జనం, మంటలకు ముందు ఎందుకు రారు? బస్టాపులో ఒకడు నెలల తరబడి ఒక పిల్ల వెంటపడుతుంటే చూస్తూ ఎందుకు నిలబడతారు?

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న ఎప్పుడో వేసుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలు రాశాయి. ఆ తర్వాత 1968లో లతానే, డార్లీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. గదిలోకి పొగ వదిలితే, ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే చెప్పింది నూటికి 10 మందే. గుంపులో ప్రతివాడూ పక్కవాడి మొహం చూస్తాడని వాళ్లు తేల్చారు. బాగుంది. కానీ ఆ 38 మంది కథ చాలావరకు పత్రికల అతిశయోక్తి అని తర్వాత బయటపడింది. యూరప్, దక్షిణాఫ్రికా నగరాల్లో కెమెరాలకు చిక్కిన 219 వీధి గొడవలను పరిశీలించి 2019లో ఇంకొందరు చెప్పిందేమిటంటే, పదింటిలో తొమ్మిదింటిలో ఎవరో ఒకరు అడ్డుపడ్డారని.

అంటే గుంపు రాయి కాదు. గుంపుకు ఒక లెక్క ఉంది.

ఆ లెక్కేమిటో అమెరికాలో 1976లో జరిగిన ఇంకో ప్రయోగం చెబుతుంది. ఒక మగవాడు ఒక స్త్రీ మీద దాడి చేస్తున్నట్టు నాటకమాడించారు. ఆమె "నువ్వెవరో నాకు తెలీదు" అని అరిచినప్పుడు చూసినవాళ్లలో నూటికి 65 మంది అడ్డం వెళ్లారు. "నిన్నెందుకు పెళ్లి చేసుకున్నానో" అని అరిచినప్పుడు 19 మందే! దెబ్బలు అవే, కేకలు అవే. మారింది ఒక్క మాట. ఆ మాటతో ఆమె ఆపదలో ఉన్న మనిషి కాకుండా పోయింది, వాడి సొత్తయింది.

ఇదేదో అమెరికా వాళ్ల జబ్బు అనుకోవద్దు. కాజీపేట నుంచి హన్మకొండ వచ్చే బస్సులో చెవి పెట్టి వినండి. "లవ్వర్లేమో." "ఆళ్లిద్దరి నడుమ ఏమున్నదో, మనకెందుకు బిడ్డా?" పిల్ల ఏడుస్తున్నా ఆ లెక్క మారదు. వెంటపడి వేధించడమే ప్రేమ అని సినిమాలు మూడు తరాలకు నేర్పాయి. హత్య చేసినవాణ్ణి పత్రికలు "ప్రేమోన్మాది" అంటాయి. ప్రేమ ఎక్కడుందండీ అందులో? ఆ పిల్ల వద్దన్నది కదా! ఆ ఒక్క మాటతో నేరం కాస్తా ఇద్దరి వ్యవహారమైపోతుంది. చచ్చిపోయాక కూడా ఆమె అందులో సగం భాగస్వామిగా మిగిలిపోతుంది.

వెంటపడ్డ రోజుల్లో నోరు విప్పని ఊరికి చావు తర్వాత కోపం వస్తుంది. ఆ కోపంలో సిగ్గు కూడా కలిసి ఉంటుంది. ఎన్‌కౌంటర్ ఆ సిగ్గును కడిగేస్తుంది. 2008లో వరంగల్ ఎస్పీగా ఉన్న సజ్జనార్ 2019లో సైబరాబాద్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులు అలాగే చనిపోయారు, మళ్లీ పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చేనాటికి పూలు చల్లినవాళ్లు ఎవరి పనుల్లో వాళ్లున్నారు. వరంగల్ కేసులో నిందితుల మీద విచారణే జరగలేదు. యాసిడ్ ఎక్కడిది, అంతకు ముందు ఎవరెవరు చూసి ఊరుకున్నారు అన్నవి కోర్టులో అడిగే అవకాశమే లేకుండా పోయింది. మనల్ని అడగాల్సిన ప్రశ్నలు కూడా వాటిలో ఉండేవి.

ఇక ప్రభుత్వం లెక్క. వెంటపడి వేధించడం 2013 నుంచి నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. కానీ మొదటిసారికి అది బెయిలిచ్చే నేరమే. ఫిర్యాదు చేసిన పిల్ల మర్నాడు అదే బస్టాపులో వాడి ఎదుట నిలబడాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లను కాపాడినవారిని పోలీసులు, కోర్టులు వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఏ సెక్షన్ చేర్చారు. మంచిదే. లారీ గుద్దిన మనిషిని ఎత్తుకెళితే ఆ రక్షణ ఉంది. కత్తి పట్టుకున్నవాడి చేయి పట్టుకున్న మనిషికి ఆ సెక్షన్ వర్తించదు. "మనకెందుకు" అన్న మాట బస్సులో ముసలమ్మ ఒక్కతే అనడం లేదు.

"వాడెవడో నాకు తెలీదు" అని అరిస్తేనే కాపాడతామంటే, తెలిసినవాడి చేతిలో చచ్చేవాళ్ల సంగతేమిటి? తెలిసినవాడైనా, ఒకప్పుడు మాట్లాడినవాడైనా, మొగుడైనా సరే, బస్సులో ఒక్క గొంతు "ఏందిరా అది, చెయ్యి తియ్యి" అంటే రెండో గొంతు లేస్తుంది. ముందు ఆ ఒక్కటీ లేవాలి. లేచిన ఆ గొంతును కేసుల చుట్టూ తిప్పకుండా, నిందితుడి మనుషుల బెదిరింపులకు వదిలెయ్యకుండా కాపాడే సెక్షన్, 134-ఏ లాంటిదే, స్త్రీల మీద దాడుల విషయంలోనూ కావాలని అడుగుతున్నాం.