ఇర్ఖున్నసా: నడుము నుంచి మడమ దాకా

మస్జిదులలో చివరి పంక్తిన వేసే కుర్చీలలో ఇప్పుడు వృద్ధులే కాదు, నలభై దాటని సోదరులు కూడా కనిపిస్తున్నారు. సుల్తానాబాద్, పెద్దపల్లి రైస్ మిల్లులలో బస్తాలు మోసే హమాలీలు, గోదావరిఖని గనుల కార్మికులు, రోజంతా ఆటో నడిపేవారు. నడుములో మొదలై పిరుదు, తొడ మీదుగా మడమ దాకా కరెంటు తగిలినట్టు గుంజుతుందని అంటారు. డాక్టర్లు దీనిని సయాటికా అంటారు. అరబీలో దీని పేరు ఇర్ఖున్నసా.

మనవాళ్లు కొందరు దీనిని ‘ఇర్ఖున్నిసా’ అని పలికి, స్త్రీల జబ్బు అనుకుంటారు. ‘నసా’ అంటే తుంటి నుంచి కాలికి దిగే నరం; స్త్రీలు అనే అర్థమున్న ‘నిసా’తో దానికి సంబంధం లేదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఈ బాధ అనుభవించారని ఆలి ఇమ్రాన్ సూరా 93వ ఆయతు వ్యాఖ్యానంలో ముఫస్సిరులు పేర్కొన్నారు. కనుక దీనిని చెప్పుకోవడానికి పురుషులు సిగ్గుపడనక్కరలేదు.

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులుంటాయి. వంగి బరువెత్తినప్పుడు ఒక డిస్కు వెనుకకు ఉబికి నరపు మొదలును ఒత్తవచ్చు. నొప్పి కాలిలో, మూలం నడుములో! కాలికి ఎంత నూనె మర్దించినా గుణం కనిపించకపోవడానికి కారణం ఇదే.

మంచం పట్టి కదలకుండా ఉండాలన్నది పాత సలహా. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు 183 మంది రోగులను పరిశీలించారు. రెండు వారాలు పడుకున్నవారిలోనూ, వీలైనంత మేర పనులు చేసుకున్నవారిలోనూ 12 వారాలకు సమానంగా 87 శాతం మంది మెరుగయ్యారు. పడక వల్ల అదనపు లాభం లేదని తేలింది. పైగా ఎక్కువ రోజులు పడుకుంటే కండరాలు బలహీనపడతాయి, కూలీ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ వద్ద 1956లో ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్లపై పొరపాటున బోర్లా పడుకున్నాడు. కాలి నొప్పి తగ్గిపోయింది! మోచేతులపై ఛాతీని నెమ్మదిగా లేపే వ్యాయామం అలా ప్రచారంలోకి వచ్చింది. నొప్పి కాలిని వదిలి నడుముకు చేరితే అది మంచి గుర్తు. కాలిలోకి ఇంకా దిగితే వెంటనే ఆపాలి. వెన్ను కాలువ ఇరుకైన వృద్ధులకు ఇది పడదు, వారికి ముందుకు వంగితేనే హాయి. అందువల్ల ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెప్పినదే చేయాలి, పక్కింటివారు చేసినది కాదు.

నమాజే ఫిజియోథెరపీ అని కొందరంటారు. ఆ మాట నాకు నచ్చదు, నమాజు ఆరాధన. నొప్పితో సజ్దా చేయలేనివారు కూర్చొని సైగతో చేయవచ్చు, సజ్దాకు రుకూ కంటే ఎక్కువగా వంగాలి. నిలబడలేకపోతే కూర్చొని, అదీ కాకపోతే పక్కకు పడుకొని చదవమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు అనుమతించారు. ఈ హదీసు బుఖారీలో ఉన్నది. నొప్పి తగ్గాక కుర్చీని వదిలేయాలి.

పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా జారిపోయినా వ్యాయామాల జోలికి పోకూడదు. అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారే దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.