పైరుకాపుదలయు వేటపర్మిట్టును

అడవి అంచు గ్రామములలో వేరుశెనగ కాయ ముదురు దినములు వచ్చినవనిన రైతునకు రాత్రి నిద్ర యుండదు. మంచెమీద కూర్చుండి డబ్బాలు మ్రోగించినను, టపాకాయలు కాల్చినను, తెల్లవారుసరికి అరయెకరము నేల దున్నినట్లు కానవచ్చును. ఇది అడవిపంది చేయు పని. తినునది కొంతయే, ముట్టెతో పెల్లగించి పాడుచేయునది అంతకు మించియుండును. మొక్కజొన్న, చెరకు, జొన్న వేసినవారి గతియు నిట్టిదే. బైబిలు కీర్తనలలోను అడవిపంది ద్రాక్షతోటను పాడుచేయు ప్రస్తావన కలదు గావున ఈ గోడు మన కాలమునకు గాని మన ప్రాంతమునకు గాని క్రొత్తది కాదు. పర్మిట్టు సంగతి మాత్రము క్రొత్తది. దానిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

సంఘసభలలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడెల్ల రెండు మాటలు వినుచున్నాను. "తుపాకి లైసెన్సు ఉన్నది గదా, నా చేనిలో పందిని కొట్టుటకు ఇంకొకరి సెలవేల?" అని కొందరందురు. "అడవిమృగమును ముట్టిన చెరసాలయే, చట్టము రైతునకు పగ" అని మరికొందరందురు. రెండును పొరపాటులే. మొదటి పొరపాటు మనుష్యుని చెరసాలకు పంపును. రెండవది అతనిని కరెంటుతీగ యొద్దకు పంపును.

తుపాకి సంగతి ముందు చెప్పెదను. 1959 సంవత్సరపు ఆయుధచట్టములో పైరుకాపుదలకై మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చు నియమము కలదు. ఆ తుపాకి చాలదని అధికారికి తోచినచో వేరొక నునుపుగొట్టపు తుపాకికిని ఈయవచ్చును. అయితే ఆ కాగితము తుపాకిని ఉంచుకొనుటకును, పట్టుకొని తిరుగుటకును మాత్రమే. మృగమును చంపుటకు సెలవు వేరొక చట్టము క్రింద, వేరొక శాఖనుండి రావలెను. ఇదిగాక, అభయారణ్యములోను దానికి పది కిలోమీటరుల లోపలను నివసించు లైసెన్సుదారు తన పేరును వన్యప్రాణిశాఖయొద్ద నమోదు చేయించుకొనవలెను. ఆ హద్దులో క్రొత్త లైసెన్సు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి లేక ఈయరాదు. నల్లమల చుట్టుపట్ల గ్రామములవారు ఈ సంగతి మరువరాదు.

పూర్వపు వేటనియమములు రైతును తలచి చేసినవి కావు. 1879 లో నీలగిరులలోని వేటమృగములను, చేపలను కాపాడుటకు మద్రాసు ప్రభుత్వము చట్టము చేసెను. 1882 సంవత్సరపు మద్రాసు అటవీచట్టము రిజర్వు అడవులలో వేటకు నియమములు చేయు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. నైజాము రాజ్యమున పోచారపు అడవియు, నేడు మహావీర హరిణవనస్థలి యనబడు చోటును పాలకుల వేటభూములు. దొరల వినోదమునకు మృగములు కరవు కాకుండుటయే ఆ నియమములలో ముఖ్యోద్దేశము. 1972 లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చినప్పుడును మొదట పెద్దవేటకు, చిన్నవేటకు లైసెన్సులు మిగిలియే యుండెను. 1991 సవరణతో ఆ లైసెన్సులు పోయి, వినోదపు వేట దేశమంతట నిలిచిపోయినది. నిలిచిపోవుట మంచిదే. వేడుకకు చంపువానికిని, పైరు కాచుకొనువానికిని ఒక్క పేరు పెట్టుటవలననే మనకు ఇన్నాళ్లు చెఱుపు కలిగినది.

ఇప్పుడు వేట యనగా కాల్చుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, ఎర వేయుట, తరిమి పట్టుట, ఆ ప్రయత్నములు సైతము చట్టము దృష్టిలో వేటయే. సెలవులేని వేటకు మూడేండ్లవరకు చెర, లక్ష రూపాయలవరకు జుల్మానా కలవు. మృగము మొదటి షెడ్యూలులోనిదైనను, చేసిన చోటు అభయారణ్యమైనను, మూడేండ్లకు తక్కువ కాని చెర ఏడేండ్లదాక పోవచ్చును. జుల్మానాయు ఇరువదియైదు వేలకు తగ్గదు.

ఇక రెండవ పొరపాటు. అదే చట్టపు 11 వ సెక్షను రైతునకు ఒక తలుపు తెరచియే ఉంచినది. 2022 లో చేసి 1923 కాదు సుమా, 2023 ఏప్రిలు 1 వ తేదీనుండి అమలుజరిపిన సవరణ ప్రకారము అడవిపంది రెండవ షెడ్యూలులో నున్నది. ఆ షెడ్యూలు మృగము మనుష్యుల ప్రాణమునకు గాని, ఆస్తికి గాని అపాయకరమైనదని తోచినచో దానిని వేటాడుటకు వ్రాతమూలముగ సెలవు ఈయవచ్చును. ఆస్తియనగా ఏ భూమిలోనైనను నిలిచియున్న పైరుకూడ ఆస్తియేనని చట్టమే స్పష్టముగ చెప్పుచున్నది. మొదటి షెడ్యూలు మృగమునకు ఈ సౌకర్యము లేదు. నందికొట్కూరు ప్రాంతమున రోళ్లపాడు అభయారణ్యమును 1988 లో బట్టమేకపిట్టకొరకు ఏర్పరచిరి. అచ్చట కృష్ణజింకలు పెరిగి చుట్టుపట్ల చేలమీద పడినవి. రైతునకు నష్టము నిజమే. కాని కృష్ణజింక మొదటి షెడ్యూలుది గావున పైరు మేసినదన్న కారణమున దానిని చంప సెలవు దొరకదు. మనుష్యుల ప్రాణమునకు అపాయమైనను, లేక అది కోలుకొనరాని గాయముతోగాని రోగముతోగాని యున్నను మాత్రమే ముఖ్య సంరక్షకుడు సెలవీయగలడు. అట్టిచోట కంచెయు, నష్టపరిహారమును దప్ప వేరు మార్గము లేదు.

తలుపు తెరచియున్నదంటిని, గడప మాత్రము ఎత్తుగ నున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట నేను ప్రదర్శన మడిగా వేరుశెనగ వేయించిన ఒక రైతు పంది బాధకు తాళలేక అర్జీ పెట్టుకొనెను. అర్జీ వ్రాసి యిచ్చినవాడను నేనే. ఒక కార్యాలయమువారు మరియొక కార్యాలయమునకు పంపిరి; అచ్చటివారు తనిఖీ కావలెననిరి; తనిఖీకి వచ్చువారికి వేరు పనులు తగిలినవి. జవాబు వచ్చునప్పటికి చేనిలో కాయయు లేదు, పందియు లేదు. ఆ రైతు నేల దున్ని ఉలవలు చల్లుచుండెను. మరుసటి యేడు అతడు అర్జీ పెట్టలేదు. రాత్రివేళ స్తంభమునుండి తీగ లాగి గట్టువెంబడి కట్టెను. ఆ తీగకు పంది తగులలేదు. తెల్లవారుజామున నీరు కట్ట వచ్చిన ప్రక్కచేని వాని ఎద్దు తగిలి చచ్చెను. ఎద్దు ముందు నడచుటవలన మనిషి బ్రతికెను. ఆ యిద్దరును నేటికిని ఒకరితో నొకరు మాటలాడుకొనరు.

ఈ తీగ విషయమున నేను మెత్తగ మాటలాడజాలను. అది పందిని ఎన్నుకొనదు. చిఱుతపులులు, పెద్దపులులు, పశువులు, మనుష్యులు దానికి బలియగుట మన రెండు రాష్ట్రములలోను వినబడుచునేయున్నది. కట్టినవానిమీద వేటనేరము, 2003 సంవత్సరపు విద్యుచ్చట్టము క్రింద కరెంటుదొంగతనపు నేరము, మనిషి చచ్చినచో ఆ నేరమును కూడి వచ్చును. అయినను రైతును తిట్టి ఊరకుండుట న్యాయము కాదు. సెలవు సకాలమున దొరకనిచోట తీగలు పుట్టుచున్నవి.

కావున నా కోరిక పర్మిట్టు గ్రామమునకు దగ్గర కావలెనని. దీనికి చట్టమును సవరింపనక్కర లేదు. రెండవ షెడ్యూలు మృగముల విషయమున ముఖ్య సంరక్షకుడే కాక, ఆయన అధికారమిచ్చిన అధికారియు సెలవీయవచ్చునని 11 వ సెక్షనులోనే యున్నది. కేరళప్రభుత్వము 2022 లో అడవిపంది విషయమున ఈ అధికారమును స్థానికసంస్థల అధ్యక్షులకు అప్పగించెను. ఎవరికి అప్పగించినను, అర్జీకి వారము దినములలో అవుననియో కాదనియో కారణముతో వ్రాతమూలముగ జవాబు రావలెను. సెలవుకాగితములో సర్వే నంబరు, గడువు, ఎన్ని మృగములు, ఎవరు కాల్చవలెను అనునవి యుండవలెను. ఆ సెలవు చేనివరకే. పారిపోవు పందిని రిజర్వు అడవిలోనికి తరుముకొనిపోవుటకు కాదు.

ఇచ్చట మనవారిలో కొందరికి రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. సెలవుమీద చంపిన పంది ప్రభుత్వపు సొత్తు. దానిని కోసి పంచుకొనుట నేరము. పర్మిట్టు కోరువారిలో పైరుమీది ప్రేమ యెంతయో, మాంసముమీది ఆశ యెంతయో అధికారులకు అనుమానము కలుగుటకు మనమే కొంత కారణమైతిమి.

"ఇన్ని కాగితములేల, పందిని హానికరజంతువుగ ప్రకటించిన చాలదా?" యని అడుగువారున్నారు. 62 వ సెక్షను క్రింద కేంద్రప్రభుత్వము ఒక ప్రాంతమునకు, ఒక గడువునకు అట్లు ప్రకటింపగలదు. 2015 డిసెంబరులో బీహారులో నీల్‌గాయికిని అడవిపందికిని, 2016 లో ఉత్తరాఖండములో అడవిపందికిని అట్లు ప్రకటించిరి. ఆ 2016 జూనులో బీహారులోని మొకామా ప్రాంతమున నీల్‌గాయిలను రెండువందలకు పైగా కాల్చిరి. నాకు ఈ పద్ధతి నచ్చదు. అట్టి ప్రకటన వచ్చినచోట ఎవడు, ఎందులకు, ఎన్నింటిని చంపెనో అడుగువాడుండడు; ఉచ్చులవాడును, నాటుబాంబులవాడును రైతు పేరు చెప్పుకొని దిగుదురు. అడవిపంది పెద్దపులికిని చిఱుతకును ఆహారము. అడవిలో అది కరవైనచో చిఱుత మన దూడల కొట్టములోనికి వచ్చును. చేనిలోని పందిమీద మనకు హక్కు కావలెను గాని అడవిలోని పందిమీద కాదు.

పర్మిట్టు వచ్చునంతవరకు చేయదగినవి కొన్ని కలవు. వేరుశెనగ చుట్టును కుసుమను, మొక్కజొన్న చుట్టును ఆముదమును దట్టముగ కొన్ని సాళ్లు వేయుమని రాజేంద్రనగరపు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చెప్పుచున్నారు. నేను వేయించిచూచిన చోట్ల ఇవి పందిని జాగుచేసినవి గాని ఆపలేదు. ఆకలిగొన్న గుంపు ముండ్లను లెక్కచేయదు. గట్టి కంచె పదిమంది కలసి వేసికొన్న తక్కువ ఖర్చున పోవును, ఒక్కని చేని చుట్టు వేసినచో పంది ప్రక్కవాని చేనికి పోవును.

అడవిమృగములవలని నష్టమును పంటల బీమాలో చేర్చి 2026 ఖరీఫునుండి అమలుజరుపుదుమని కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. ఏ మృగములు, ఏ ప్రాంతములు అనునది రాష్ట్రప్రభుత్వములు నిర్ణయింపవలెను. నష్టము జరిగిన 72 గంటలలో తెలుపవలెనని నియమము. చేనిలో గుంటలను ఆ మరునాడే పూడ్చివేయు అలవాటు మనవారు మానుకొనవలెను.

బీమాకును, పర్మిట్టుకును మూలము ఒక్కటే: వ్రాసిపెట్టిన లెక్క. ఒక్కొక్క రైతు ఒక్కొక్క అర్జీతో తిరిగినచో ఒక్కొక్కనికి ఒక్కొక్క జవాబు వచ్చును. మన సంఘకార్యాలయమున ఒక పుస్తకముంచి, పంది పడిన తేదీ, సర్వే నంబరు, పైరు, పాడైన విస్తీర్ణము, చూచిన ఇరుగుపొరుగు ఇద్దరి చేవ్రాళ్లు అందులో ఎక్కింపవలెను. ఋతువు ఆరంభముననే, కాయ ముదురక మునుపే, ఆ పుస్తకపు నకలుతో గ్రామమంతటికి ఒకే అర్జీ సంఘము పేర పోవలెను. కార్యదర్శిగారు సమ్మతించినచో రాబోవు సమావేశమునకు పుస్తకపు నమూనా గీసి తెచ్చెదను. సభ్యులు పోయిన రెండేండ్లలో తమకు కలిగిన నష్టమును, జ్ఞాపకమున్నంతవరకు తేదీలతో వ్రాసికొని రావలెను.